తమ్ముడు సియాటిల్‌లో కాటన్ టీషర్టుతో కయాక్ వేస్తున్నాడు, చల్లటి నీళ్లకి ఏం బట్టలు వేసుకోవాలి?

వైనతేయ_ఒడ్డు
మా ఊరు అమలాపురం దగ్గర, వైనతేయ పాయ ఒడ్డున. తమ్ముడు ఎంఎస్ చదవడానికి సియాటిల్ వెళ్లాడు. రూమ్మేట్లతో కలిసి పాత కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఒకటి కొన్నాడు. నిన్న వీడియో తీసి ఇంట్లో అందరికీ పంపాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది, చుట్టూ నీలం నీళ్లు, దూరంగా మంచుకొండ. వీడేమో కాటన్ టీషర్టు, నిక్కరు. లైఫ్ జాకెట్ కయాక్ వెనకాల రబ్బరు తాళ్ల కింద దోపి ఉంది.

ఫోన్ చేస్తే, "అన్నయ్యా, ఇక్కడ 24 డిగ్రీలు, చెమట పడుతోంది. వైనతేయని ఈదినవాడికి ఇదెంత" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు, మా ఊళ్లో వాడంత ఈతగాడు లేడు. కానీ అక్కడే చదివే మా పక్క ఊరి అమ్మాయి ఆ వీడియో చూసి నాకు మెసేజ్ పెట్టింది. ఆ బట్టలతో నీళ్లలో పడితే ఈత పనికిరాదట, నీళ్లు చొరబడని డ్రైసూట్ కావాలట. ధర చూస్తే వెయ్యి డాలర్ల పైమాట.

ఎండ కాసే రోజున చలి బట్టలెందుకు? ఈత బాగా వచ్చినవాడికి కూడా అంత ప్రమాదమా? స్టూడెంట్ ఖర్చులో ముందు ఏది కొనాలి? అలాంటి నీళ్లలో దిగినవాళ్లు ఉంటే చెప్పండి. అమ్మకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సఖినేటిపల్లి_రేవు
మిగతా సంగతులు తర్వాత. ముందు ఆ లైఫ్ జాకెట్ తాళ్ల కింద నుంచి తీసి ఒంటికి వేసుకోమనండి.

గెడ_సరంగు
కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటు మీద చాలాకాలం పనిచేశానండి. పుష్యమాసంలో తెల్లారుజామున అవతలి ఒడ్డు కనపడనంత మంచు పడేది. అప్పుడు కూడా తాడు చిక్కుకుంటే నీళ్లలోకి దిగేవాళ్లం. ఒంటికి కాస్త నూనె పట్టించి దిగితే చలి తెలిసేది కాదు. ఈతగాడికి బట్టలతో పనేంటండి, నీళ్లు అలవాటు కావాలి గానీ. లైఫ్ జాకెట్ మాత్రం వెయ్యమనండి, అది ఎవరికైనా తప్పదు. లక్ష రూపాయల సూటు మాట నాకు నచ్చలేదు.

నర్సాపురం_లేసు
సరంగు గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే కాదంటున్నాను. పుష్యమాసంలో కూడా మన గోదావరి నీళ్లు 20 డిగ్రీల పైనే ఉంటాయి. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ ఏడాది పొడవునా సుమారు 7 నుంచి 13 డిగ్రీల మధ్యే. పైన ఎండ ఎంత కాసినా ఆటుపోట్లకి అడుగునున్న చల్లటి నీళ్లు పైకి కలుస్తూ ఉంటాయి. నేను స్కాట్లాండ్‌లో ఉంటాను, ఇక్కడి సముద్రం కూడా అంతే, వేసవి చివర్లోనూ 13, 14 డిగ్రీలు ఉంటే గొప్ప. ఇక్కడి కయాక్ క్లబ్బులో మొదటి రోజే చెప్పేస్తారు, ఎండని చూసి కాదు, నీళ్లని చూసి బట్టలు వేసుకోవాలని. పడేది నీళ్లలోనే కదా.

కార్తీకంలో తెల్లవారకముందు రేవులో మొదటి మునక వేసినప్పుడు గుండె ఝల్లుమని ఊపిరి ఒక్కసారిగా లోపలికి పీల్చుకుంటాం. ఆపుకుందామన్నా ఆగదు. అక్కడ నీళ్లు 20 డిగ్రీల పైన, నిలబడేది నడుంలోతులో. 10 డిగ్రీల నీళ్లలో అదే ఇంకా చాలా గట్టిగా వస్తుంది. పైగా కయాక్ తిరగబడి తల నీళ్ల కింద ఉన్నప్పుడు వస్తుంది. అప్పుడు లోపలికి పోయేది గాలి కాదు. ఎంత ఈత వచ్చినా ఆ క్షణంలో అక్కరకు రాదు.

పూతరేకు_ప్రియుడు
మా మామ్మ మొదటి మునకకి "శివా" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచేది. భక్తి అనుకునేవాళ్లం. భక్తీ ఉంది, చలీ ఉందన్నమాట.

గౌతమి_డాక్టర్
కాకినాడలో మత్తు డాక్టర్‌ని. లేసు గారు చెప్పినదాన్ని కోల్డ్ షాక్ అంటారు. చర్మం మీద చల్లదనం తగలగానే పెద్దగా ఒక ఊపిరి, ఆ వెంటనే ఆయాసం, గుండె వేగం, బీపీ అన్నీ ఒకేసారి పెరుగుతాయి. మామూలుగా నిమిషం పాటు ఊపిరి బిగబట్టే మనిషి కూడా అక్కడ కొన్ని సెకన్లకి మించి బిగబట్టలేడు. మొదటి అర నిమిషంలో ఇది బాగా ఎక్కువగా ఉంటుంది, రెండు మూడు నిమిషాలకి తగ్గుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఆ కాసేపే ప్రాణం మీదికి తెస్తుంది.

తర్వాత చేతులు, కాళ్లు. ఒంట్లో వేడిని కాపాడుకోడానికి శరీరం చర్మానికి, చేతులకి, కాళ్లకి రక్తం తగ్గించేస్తుంది. వేళ్లు మొద్దుబారతాయి, కండరాలు మాట వినవు. గజ ఈతగాళ్లు ఒడ్డుకి దగ్గర్లోనే మునిగిపోవడానికి కారణం ఇది. అసలు హైపోథెర్మియా, అంటే ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే పడిపోవడం, అంత త్వరగా రాదు. పెద్దవాళ్లకి అరగంట, ఇంకా ఎక్కువే పడుతుంది. చాలామంది అందాకా బతికి ఉండరు.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1, 10, 1 అని గుర్తుపెట్టుకోమంటారు. గడ్డకట్టేంత చల్లటి నీళ్లలో ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు పనికొచ్చేది 10 నిమిషాలు, స్పృహ ఉండేది సుమారు 1 గంట. మొదటి నిమిషం తల పైన ఉంచేది లైఫ్ జాకెట్. ఆ తర్వాత టైమ్ పెంచేవి బట్టలు.

సరంగు గారూ, నూనె సంగతి: చర్మం మీద పలుచటి నూనె పొర వేడిని ఆపలేదు. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. ఆపాలంటే మందం కావాలి.

రాజోలు_రాజు
డాక్టరు గారూ భయపెట్టేశారు. మా బావమరిది మిచిగన్‌లో ఉంటాడు, వాళ్లు ఒక లెక్క చూస్తారు. గాలి వేడి, నీళ్ల వేడి ఫారన్‌హీట్‌లో కూడితే 120 దాటాలి. దాటితే మామూలు బట్టలు చాలు, దాటకపోతే వెట్‌సూట్. సులువుగా ఉంటుంది, తమ్ముడికి ఇది చెప్పండి.

నర్సాపురం_లేసు
రాజు గారూ, దయచేసి అది చెప్పకండి. చాలా చోట్ల ప్రచారంలో ఉన్న లెక్కే, కానీ తప్పుడు లెక్క. తమ్ముడు వీడియో తీసిన రోజే చూడండి. గాలి 24 డిగ్రీలు అంటే ఫారన్‌హీట్‌లో 75. నీళ్లు 10 డిగ్రీలు అంటే 50. కలిపితే 125. లెక్క ప్రకారం టీషర్టు చాలు. మనిషి పడ్డాక మాత్రం మెడదాకా 50లో ఉంటాడు, 75 తలకి తప్ప ఎక్కడా తగలదు. ఆ రెండిటినీ కూడటంలోనే ప్రమాదం ఉంది.

అమెరికాలోనే నేషనల్ సెంటర్ ఫర్ కోల్డ్ వాటర్ సేఫ్టీ అని ఒక సంస్థ ఉంది. 70 ఫారన్‌హీట్, అంటే 21 డిగ్రీల కంటే తక్కువ నీళ్లన్నిటితోనూ జాగ్రత్తగా ఉండమంటారు వాళ్లు. 10 నుంచి 15 డిగ్రీల నీళ్లలో వచ్చే కోల్డ్ షాక్ సున్నా డిగ్రీల నీళ్లలో వచ్చినంత తీవ్రంగానూ ఉండొచ్చు.

సఖినేటిపల్లి_రేవు
ఆ 120 లెక్క ఇంక ఎవరూ ఎవరికీ చెప్పకండి.

రాజోలు_రాజు
సరే, అర్థమైంది, బావమరిదికి కూడా ఇప్పుడే పంపిస్తున్నాను. కానీ డబ్బు మాట వదలను. చదువుకునే కుర్రాడికి వెయ్యి డాలర్లంటే నెల అద్దె. వెట్‌సూట్ నూటయాభైకి వస్తుందట కదా, అది చాలదా?

పాలకొల్లు_పిల్ల
నాకు మొదటి నుంచీ చెప్పండి. వెట్‌సూట్‌కి, డ్రైసూట్‌కి తేడా ఏమిటి? వెట్‌సూట్ వేసుకుంటే తడుస్తామా?

యానాం_కెరటం
తడుస్తాం. నేను ఋషికేశ్‌లో కయాక్ నేర్చుకున్నాను, అక్కడ వాడింది వెట్‌సూటే. గంగ నీళ్లు మంచు కరిగి వచ్చేవి, ఎండాకాలంలో కూడా చెయ్యి పెట్టి ఉంచలేం. సూటు నియోప్రీన్ అనే రబ్బరు స్పాంజితో ఉంటుంది, అందులో చిన్న చిన్న గాలి బుడగలు. ఒంటికి అతుక్కుని ఉంటుంది. లోపలికి కొంచెం నీళ్లు వచ్చి చర్మానికీ సూటుకీ మధ్య ఆగిపోతాయి, ఒంటి వేడికి వెచ్చబడతాయి. వదులుగా ఉంటే ఆ నీళ్లు పోయి కొత్త చల్లటి నీళ్లు వస్తుంటాయి, అప్పుడు వేసుకుని లాభం లేదు. నాతో నేర్చుకున్న ఒకతనికి రెండు సైజులు పెద్దది ఇచ్చారు. ప్రతిసారీ పడ్డప్పుడు వీపు వెంట నీళ్లు జారుతుంటే వణికిపోయాడు. మిగతావాళ్లం బాగానే ఉన్నాం. అందుకని నేను వెట్‌సూట్‌కే ఓటు.

నర్సాపురం_లేసు
కెరటం గారు చెప్పింది నిజమే, కానీ ఋషికేశ్‌లో పక్కనే గురువు ఉంటాడు, ఒడ్డు దగ్గర, పడ్డ రెండు నిమిషాల్లో పైకి తీస్తారు. ప్యూజెట్ సౌండ్‌లో ఒడ్డు కిలోమీటరు దూరంలో ఉండొచ్చు. వెట్‌సూట్‌ని తీసిపారేయడం లేదు, ఎక్కడ పనికొస్తుందో చెబుతాను.

కయాక్ వేసేవాళ్లు ఎక్కువగా చేతులు లేని 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ వాడతారు. భుజాలు తిప్పాలి కదా, చేతులున్నది వేసుకుంటే తెడ్డు వెయ్యడానికి నొప్పి పుడుతుంది. దాని మీద నీళ్లు చొరబడని జాకెట్. 15 డిగ్రీలు దాటిన నీళ్లకి, ఒడ్డు దగ్గర, తోడు మనుషులతో అయితే అది బాగానే పనిచేస్తుంది. 10 డిగ్రీల నీళ్లలో అరగంట ఉండాల్సి వస్తే చాలదు. 5 మిల్లీమీటర్లది కొంటే వెచ్చగా ఉంటుంది గానీ గంటసేపు తెడ్డు వేసేసరికి భుజాలు పోతాయి.

డ్రైసూట్ వేరు. అది వదులుగా ఉండే పలుచటి గుడ్డ, నీళ్లు రానివ్వదు, కొంచెం చెమట ఆవిరిని బయటికి వదులుతుంది. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతుగా లేటెక్స్ రబ్బరు పట్టీలు. పాదాలకి సూటుతోనే కలిసిన మేజోళ్లు. పెద్ద జిప్పు. లోపల చుక్క నీరు రాకూడదు. కానీ ఆ గుడ్డకి సొంతంగా వెచ్చదనం లేదు, దీన్ని చాలామంది మరిచిపోతారు. వెచ్చదనం ఇచ్చేది లోపల వేసుకునే బట్టలు: ఒంటికి అంటుకునే సింథటిక్ లేదా మెరీనో ఉన్ని బనియను, దాని మీద ఫ్లీస్ (మెత్తటి సింథటిక్ చలిబట్ట). నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత మందం. డ్రైసూట్ లోపల టీషర్టు, నిక్కరు వేసుకుంటే పొడిగానే ఉంటాడు, చలికి మాత్రం గడ్డకడతాడు.

కాటన్ మాత్రం ఎక్కడా వద్దు. లోపలా వద్దు, పైనా వద్దు. తడిస్తే, అది చెమటైనా సరే, వేడిని నిలపదు, త్వరగా ఆరదు. జీన్సు గురించి అయితే చెప్పనే అక్కర్లేదు.

పాలకొల్లు_పిల్ల
అక్కా, ఆ సూటంతా వేసుకున్నాక బాత్రూమ్ మాటేంటి? ఎవరూ రాయడం లేదు కాబట్టి నేనే అడుగుతున్నాను.

నర్సాపురం_లేసు
మంచి ప్రశ్న చెల్లీ. మగవాళ్లకి ముందు చిన్న జిప్పు ఉన్నవి, ఆడవాళ్లకి వెనక తెరుచుకునేవి ఉంటాయి. కొంచెం ధర ఎక్కువ. కొనేటప్పుడు అది ఉన్నదే తీసుకోవాలి. లేకపోతే చాలామంది ఆడవాళ్లు పొద్దుటి నుంచి మంచినీళ్లు మానేస్తారు, ఎండలో తెడ్డు వేస్తూ నీళ్లు తాగకపోతే కళ్లు తిరుగుతాయి. సూటు ఎంత మంచిదైనా, నీళ్లు తాగడం మానేలా చేస్తే ఆ సూటు మనకి సరిపోదు.

వైనతేయ_ఒడ్డు
ఇదంతా వాడికి ఫార్వర్డ్ చేశాను. వాడి జవాబు: "24 డిగ్రీల ఎండలో ఉన్ని బట్టలు, పైన రబ్బరు సూటు వేసుకుంటే నీళ్లలో పడకముందే వడదెబ్బ తగులుతుంది." దీనికి ఏం చెప్పను? నాకూ నిజమే అనిపిస్తోంది.

గౌతమి_డాక్టర్
నిజమే, నిర్లక్ష్యం చేసే మాట కాదు. ఒళ్లు వేడెక్కిపోవడం ప్రమాదమే. కానీ వేడెక్కేవాడి చుట్టూ కావలసినన్ని చల్లటి నీళ్లున్నాయి, తలా మెడా తడుపుకోవచ్చు. చలికి మొద్దుబారిన చేతులతో నీళ్లలో ఉన్నవాడికి అలాంటి మార్గం లేదు.

నర్సాపురం_లేసు
మేం చేసేది రాస్తాను. ఒడ్డు మీద సూటు పూర్తిగా బిగించుకుని గంటలకొద్దీ కూర్చోం, దిగే ముందే బిగిస్తాం. అంచున్న టోపీ తడిపి పెట్టుకుంటాం. వేడనిపిస్తే ఒడ్డు దగ్గర నీళ్లలో కూర్చుంటాం, డ్రైసూట్‌లో అది హాయిగా ఉంటుంది. లోపలి ఫ్లీస్ పలుచనిది చేస్తాం. చెయ్యనిది ఒకటే, సూటు సగం విప్పి నడుముకి కట్టుకోవడం. జిప్పు తెరిచి ఉన్న డ్రైసూట్‌తో పడితే లోపలికి నీళ్లు నిండిపోతాయి, కయాక్‌లోకి తిరిగి ఎక్కడం దాదాపు కుదరని పని.

ఇంకొకటి. వేసుకున్నాక లోపల మిగిలిన గాలి తియ్యాలి. మెడ పట్టీని రెండు వేళ్లతో కాస్త వదులు చేసి గొంతుక్కూర్చుంటే గాలంతా పోతుంది. తియ్యకపోతే నీళ్లలో ఆ గాలి కాళ్లలోకి చేరి పాదాలు పైకి లేస్తాయి.

అంతర్వేది_తీరం
మాది వేటకెళ్లే కుటుంబం. 1996 నవంబర్ 6 తుపాను రాత్రి మా పెద్దనాన్న భైరవపాలెం వైపు పడవలో ఉన్నాడు. పడవ పోయింది. చెక్క పట్టుకుని తెల్లారేదాకా తేలాడు. ఒడ్డుకి చేరాక ఆ చెక్క మీద నుంచి వేళ్లు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చిందని మా నాన్న చెబుతాడు. మన సముద్రం వెచ్చగానే ఉంటుంది కదా, మరి ఆ వణుకు ఎందుకు వచ్చిందో నాకు ఇంతకాలం అర్థం కాలేదు. డాక్టరు గారూ, మన నీళ్లలో కూడా అది జరుగుతుందా?

గౌతమి_డాక్టర్
జరుగుతుంది తమ్ముడూ. ఒంటి వేడి 37. నీళ్లు సుమారు 33 కంటే చల్లగా ఉంటే, కదలకుండా ఉన్న మనిషి వేడి కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. 25, 28 డిగ్రీల నీళ్లలో కోల్డ్ షాక్ దాదాపు ఉండదు, కానీ రాత్రంతా ఉంటే, పైన గాలీ వానా కొడుతుంటే ఒళ్లు బాగా చల్లబడుతుంది. సన్నగా ఉన్నవాళ్లకి, పిల్లలకి ఇంకా త్వరగా. మీ పెద్దనాన్న గారు చెక్క మీదకి ఒళ్లు ఎంతమేర లేపగలిగారో అదే ఆయన్ని కాపాడి ఉంటుంది.

అలాంటివాళ్లని బయటికి తీశాక అందరూ తెలుసుకోవాల్సింది: పడుకోబెట్టాలి, నిలబెట్టి నడిపించకూడదు. తడి బట్టలు తీసేసి పొడి దుప్పట్లు చుట్టాలి. చేతులు కాళ్లు గట్టిగా రుద్దకూడదు. స్పృహలో ఉండి మింగగలిగితే వెచ్చటి తియ్యటి టీ ఇవ్వొచ్చు. మందు చుక్క మాత్రం పొయ్యొద్దు. లోపలి వేడి ఇంకా బయటికి పోతుంది.

సఖినేటిపల్లి_రేవు
2019 సెప్టెంబర్ 15 కచ్చులూరు పడవ ప్రమాదం తర్వాత మా ఇంట్లో ఎవరూ లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కరు. పాపికొండలకైనా, పంటు మీదైనా. అందుకే మొదట్లో అంత గట్టిగా చెప్పాను.

గెడ_సరంగు
డాక్టరు గారూ, నూనె సంగతి ఒప్పుకున్నాను. అలవాటు సంగతి అడుగుతాను. రోజూ దిగేవాడికి, ఎప్పుడో దిగేవాడికి తేడా ఉంటుందా, లేదా? మా పంటు మీద కొత్తగా చేరిన కుర్రాళ్లు మొదటి చలికాలం ఎగశ్వాస పడేవారు, రెండో ఏడాది పడేవారు కాదు. ఇది నేను కళ్లతో చూసింది.

గౌతమి_డాక్టర్
మీరు చూసింది నిజం. చల్లటి నీళ్లలో కొద్దిసేపు చొప్పున కొన్నిసార్లు దిగితే మొదటి ఊపిరి, ఆయాసం బాగా తగ్గుతాయి. అది శాస్త్రం కూడా ఒప్పుకున్నదే. కానీ చేతులు మొద్దుబారడం అలవాటుతో అలా పోదు. ఊపిరి అదుపులోకి వచ్చినవాడికి కూడా పది నిమిషాల తర్వాత వేళ్లు పనిచెయ్యవు. అందుకే అలవాటూ కావాలి, బట్టలూ కావాలి.

గెడ_సరంగు
బాగా చెప్పారండి. నేను కూడా ఒక మాట చేరుస్తాను. లైఫ్ జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. చెవులదాకా వచ్చిందంటే నీళ్లలో జాకెట్ తేలుతుంది, మనిషి కిందే ఉంటాడు. పట్టీలు బిగించాలి. లోపల ఉన్ని బట్టలు మారినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలి, పలుచటి బట్టల మీద వదులైపోతుంది. జాకెట్‌కి ఈల కట్టి ఉండాలి. అలసినవాడు అరవలేడు, ఈల ఊదగలడు.

యానాం_కెరటం
సరంగు గారికి దండం. ఋషికేశ్‌లో మా గురువు సరిగ్గా ఇదే పరీక్ష చేసేవాడు, ఒక్కొక్కరినీ భుజాలు పట్టి లాగి.

పూతరేకు_ప్రియుడు
చేతులకి గ్లోవ్స్, నెత్తికి టోపీ సంగతి ఎవరూ రాయలేదు. పది నిమిషాల్లో వేళ్లు పోతాయంటే ముందు వాటికే కదా తొడగాలి?

నర్సాపురం_లేసు
అవును. చేతులకి నియోప్రీన్ గ్లోవ్స్, లేదా తెడ్డుకే తగిలించి ఉండే తొడుగులు. రెండోవాటిలో చెయ్యి దూర్చి తెడ్డు కర్రని నేరుగా పట్టుకోవచ్చు, పట్టు బాగుంటుంది. కానీ పడ్డాక చెయ్యి బయటికి వచ్చేస్తుంది, అప్పటికి జేబులో గ్లోవ్స్ ఉండాలి. తలకి చెవులు మూసే నియోప్రీన్ టోపీ. చెవిలోకి చల్లటి నీళ్లు పోతే కళ్లు తిరిగి ఏది పైనో ఏది కిందో తెలియదు. కాళ్లకి నియోప్రీన్ బూట్లు, చెప్పులు వద్దు, జారిపోతాయి.

రాజోలు_రాజు
అన్నీ కొంటే కయాక్ కంటే బట్టలకే ఎక్కువయ్యేలా ఉంది.

నర్సాపురం_లేసు
చల్లటి ప్రాంతాల్లో అలాగే అవుతుంది రాజు గారూ. పాత కయాక్, మంచి సూటు, ఇక్కడ చాలామంది లెక్క అదే. తమ్ముడికి కొన్ని దారులున్నాయి. డ్రైసూట్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి, మెడ, చేతి పట్టీలు పాతబడితే కొత్తవి వేయించుకోవచ్చు, కొత్త సూటు కంటే చాలా తక్కువలో అయిపోతుంది. కొనేముందు ఆ పట్టీలు లాగి పగుళ్లు ఉన్నాయేమో చూడాలి, జిప్పు చివరిదాకా రావాలి. కొన్ని యూనివర్సిటీల్లో విద్యార్థులకి ఇలాంటివి అద్దెకి ఇస్తారు, వాళ్ల దగ్గర ఉందేమో అడగమనండి. సూటు దొరికేదాకా సముద్రపు పాయలోకి వెళ్లొద్దు. ఆగస్టులో అక్కడి సరస్సు లేక్ వాషింగ్టన్ పైనీళ్లు 20 డిగ్రీలు దాటుతాయి, అప్పుడు జాకెట్ వేసుకుని ఒడ్డు వెంటే తిరగొచ్చు.

యానాం_కెరటం
ఒడ్డు వెంటే అన్న మాటకి నేనూ ఒప్పుకుంటాను. వెట్‌సూట్‌కి ఓటు మాత్రం ఋషికేశ్ వరకే.

అంతర్వేది_తీరం
ఆ లేటెక్స్ పట్టీలకి కొబ్బరినూనె తగిలితే ఏమవుతుంది? మనవాళ్లు తలకి పట్టించకుండా బయటికి వెళ్లరు కదా.

నర్సాపురం_లేసు
చాలా ముఖ్యమైనది గుర్తు చేశారు. నూనె లేటెక్స్‌ని తినేస్తుంది. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్, ఒంటికి రాసుకునే లోషన్, అన్నీ అంతే. పట్టీ మెత్తబడి, జిగటగా మారి, ఒకరోజు వేసుకుంటుండగానే చిరుగుతుంది. నూనె రాసుకున్న తలతో మెడ పట్టీలోకి దూరొద్దు. బిగుతుగా ఉంటే కాస్త పౌడర్ వేసుకుంటే జారుతుంది. ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసు, వాచీ తీసేశాకే వేసుకోవాలి. వాడాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి, ఎండ కూడా లేటెక్స్‌ని పాడుచేస్తుంది.

పూతరేకు_ప్రియుడు
మా అమ్మకి ఈ పోస్టు చూపించను. కొబ్బరినూనె వద్దన్నారని తెలిస్తే అమెరికా పంపించదు.

వైనతేయ_ఒడ్డు
ఇక్కడ రాసినవన్నీ పంపినా వాడు నమ్మలేదు. నిన్న రాత్రి డాక్టరు గారిని విడిగా అడిగాను. వాళ్ల సలహాతో వాడికి ఒకటే చెప్పాను: "కయాక్ ఎక్కకు. ఒడ్డున నడుంలోతులో, లైఫ్ జాకెట్ వేసుకుని, ఇద్దరు స్నేహితులు పక్కనే ఉండగా, నెమ్మదిగా మెడదాకా దిగు. దూకొద్దు. ఐదు నిమిషాలుండి రా. రాగానే జాకెట్ బకిల్ నువ్వే తియ్యాలి."

ఇందాకే ఫోన్ చేశాడు. దిగగానే మాట రాలేదట, ఊపిరే సరిపోలేదట. స్నేహితుడు "ఎలా ఉంది" అని అడుగుతున్నాడు, వీడికి వినపడుతోంది, జవాబు చెప్పలేకపోతున్నాడు. ఐదు నిమిషాలు ఉండలేక ముందే వచ్చేశాడు. బకిల్ వేళ్లకి అందింది గానీ నొక్కే బలం రాలేదు, స్నేహితుడే తీశాడు. గొంతులో ఇంకా వణుకు తెలుస్తోంది. సూటు లేకుండా మళ్లీ ఆ నీళ్ల మీదకి వెళ్లనని వాడంతట వాడే అన్నాడు. ఆ పక్క ఊరి అమ్మాయి సెకండ్‌హ్యాండ్ డ్రైసూట్ అమ్మే చోటు చూపిస్తానందట.

సఖినేటిపల్లి_రేవు
చాలా సంతోషం అన్నా. అమ్మగారికి చెప్పండి.

నర్సాపురం_లేసు
సూటు రాగానే ఇదే పరీక్ష సూటుతో మళ్లీ చెయ్యాలి, అదే చోట, అదే స్నేహితులతో. లోపల ఎక్కడైనా తడి తగిలితే ఒడ్డు మీదే తెలిసిపోతుంది. ఆ తర్వాత తిరగబడ్డ కయాక్‌లోకి మళ్లీ ఎక్కడం నేర్చుకోవాలి, అది గురువు దగ్గరే. ఒంటరిగా వెళ్లకూడదు. మార్చుకునే పొడి బట్టలు నీళ్లు చొరబడని సంచీలో కయాక్‌లోనే ఉంచుకోవాలి.

గెడ_సరంగు
బాబుకి నా ఆశీస్సులు చెప్పండి. సూటు కొనుక్కోమనండి. లక్ష ఎక్కువ కాదు.

పాలకొల్లు_పిల్ల
ఇక్కడే ఇంకొకటి అడగనా. మేం డిసెంబర్‌లో పిల్లలతో ఋషికేశ్ వెళ్తున్నాం, రాఫ్టింగ్ చెయ్యాలని పెద్దవాడి పట్టుదల. వాడికి పద్నాలుగు, చిన్నదానికి తొమ్మిది. వెట్‌సూట్ వాళ్లే ఇస్తారా?

యానాం_కెరటం
అడిగితే ఇస్తారు, అద్దె వేరేగా తీసుకోవచ్చు. డిసెంబర్‌లో తప్పకుండా అడగండి. పిల్లల సైజులు అన్ని చోట్లా ఉండవు, డబ్బు కట్టకముందే తొడిగి చూడండి. చంకల దగ్గర, వీపు కింద గుడ్డ చేత్తో పట్టుకుంటే మడత రాకూడదు. లోపల కాటన్ బనియను వద్దు. చిన్నమ్మాయిని ఆ నీళ్లలోకి తీసుకెళ్లొద్దని నా మాట, పెద్దవాళ్ల కంటే పిల్లల ఒళ్లు త్వరగా చల్లబడుతుందని డాక్టరు గారు పైన రాశారు. పెద్దవాడికి కూడా చిన్న దూరం ఉన్నదే ఎంచుకోండి, దిగాక మార్చుకునే బట్టలు, ఉన్ని టోపీ దిగే చోటికే జీపులో పంపించండి. ఉదయం కాకుండా మధ్యాహ్నం బుక్ చేసుకుంటే బయటికి వచ్చాక ఎండ ఉంటుంది.

పాలకొల్లు_పిల్ల
చిన్నదాన్ని వాళ్ల నాన్న దగ్గర ఒడ్డునే ఉంచుతాను. మధ్యాహ్నానికే బుక్ చేస్తాను, థ్యాంక్స్ అన్నా.